మొగ్గ మీదున్న తోట

మల్లెపూలు అనగానే అందరికీ వాసన గుర్తొస్తుంది. నాకు బరువు గుర్తొస్తుంది. తెల్లవారుజామున తడి తడిగా ఉన్న మొగ్గలు రెండు సేర్లు ఒడిలో పడ్డాక మెడను కిందికి లాగే బరువు అది.

యాభై ఎనిమిదో సంవత్సరం వేసవి సంగతి చెబుతున్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నరసరావుపేటకు మూడు మైళ్ల దూరంలో, డొంకదారి పక్కన, మాకు అరెకరం మల్లెతోట ఉండేది. తోటలోనే ఇల్లు. ఇంట్లో నేను, మా అత్త మరియమ్మ, నా మొగుడు ఇన్నయ్య. మొగుణ్ణి పేరు పెట్టి చెబుతోందేమిటని మూతి తిప్పకండి. ఆ యేడు మనసులో నేనతన్ని పిలిచిన పిలుపులతో పోలిస్తే ఇది ఎంతో మర్యాద.

ఆ తోట ఇన్నయ్య ప్రాణం. ఎక్కడెక్కడినుంచో అంట్లు తెచ్చి నాటి, మోట తోలి నీళ్లు పెట్టి మూడేళ్లు పెంచాడు. మల్లెచెట్టు ఏడాది పొడుగునా ఆకు రాల్చదు. పచ్చగా, చల్లగా కూర్చుంటుంది. సుఖంగా ఉన్నంతకాలం పూయదు. దాన్ని ఏడిపించాలి. పుష్యమాసంలో నీళ్లు ఆపేసి, గొర్రెల మందను తోలి ఆకంతా మేపించి, మోడుల్ని కత్తిరించి, అప్పుడు మళ్లీ నీళ్లు పెడితే ఫాల్గుణంలో ఒళ్లంతా మొగ్గ తొడుగుతుంది. ఆ యేడు మొదటిసారి తోట నిండుగా కాపుకొచ్చింది. అదే వారంలో నాకు నొప్పులొచ్చాయి.

ఈస్టరుకు ముందొచ్చే ఉపవాసాల తపసుకాలం మొదటి వారంలో పిల్లాడు పుట్టాడు. రెండో రోజు సాయంత్రం పోయాడు. మా అత్త మంత్రసాని, చుట్టుపక్కల నాలుగూళ్ల బిడ్డలు ఆవిడ చేతుల్లోనే పుట్టారు. బిడ్డ నీలంగా తిరుగుతుంటే ఫాదరుగారు వచ్చేదాకా ఆగేట్టు లేదని ఆవిడే చెంబుతో నీళ్లు తెచ్చి తల మీద పోసి, జ్ఞానస్నానం ఇచ్చి, జోజి అని పేరు పెట్టింది. పేరు పెట్టిన కాసేపటికే దాన్ని పిలిచే పని లేకుండా పోయింది.

మర్నాడు పొద్దున పాతిపెట్టాలి. చీకటి విడకముందే ఇన్నయ్య బుట్ట తీసుకుని గుమ్మం దాటుతున్నాడు.

"ఇయ్యాల కూడానా?" అన్నాను మంచంలోంచి.

"మొగ్గ ఆగదు ఫిలోమినా," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

ఆగదు, నిజమే. తెల్లారకముందే కోయకపోతే మల్లెమొగ్గ సాయంత్రానికి చెట్టు మీదే విచ్చుకుంటుంది. విచ్చుకున్న పువ్వును బజార్లో ఎవరూ ముట్టరు. నాకు తెలియని సంగతి కాదు. అయినా ఆ మాటకు అతన్ని చాలాకాలం క్షమించలేదు. పేటలో పూలకొట్టు పెట్టుకున్న ఖాదర్ వలి రోజూ సైకిలు మీద వచ్చి పూలు తీసుకుపోయేవాడు. ఆ పొద్దున కూడా తీసుకుపోయాడు. బిడ్డ పెట్టె గడప దాటేసరికి తోటలో ఒక్క మొగ్గ మిగల్లేదు. వాడి గుంట మీద మట్టి తప్ప ఏమీ పడలేదు.

మా అత్త మాత్రం రెండు దోసిళ్ల మొగ్గలు ఎవరికీ కనపడకుండా పక్కన పెట్టింది. అవి వాడికి కాదు, నాకు.

మూడో రోజుకి పాలు పడ్డాయి. తాగేవాడు లేడని వాటికెవరు చెబుతారు? రొమ్ములు రాళ్లు కట్టాయి, జ్వరం వచ్చింది. మా అత్త పాత చీర చించి, అందులో మొగ్గలు పరిచి, నా రొమ్ముల చుట్టూ బిగించి కట్టింది. చల్లగా తగిలాయి.

"ఏందత్తా ఇది?"

"కదలమాక. మల్లెపూలు కడితే పాలు ఇంకిపోతయ్. మా అమ్మ కట్టేది, నేనూ ఎందరికో కట్టినా. పొద్దున ఒకసారి, మాపున ఒకసారి మారుస్తా. వారం ఓర్చుకో."

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారుగా."

"ఇది పనికొచ్చిద్దిలే," అంది ముడి వేస్తూ. ఆవిడ కళ్లనిండా నీళ్లున్నాయి.

ఏటా తొలిపూత మొగ్గల్ని మాల కట్టి గుళ్లో మరియమాతకు వేసేవాళ్లం. ఆ యేడు తొలిపూత నా రొమ్ముల మీద వాడిపోయింది. నాకు మాత మీద కూడా కోపంగానే ఉంది కాబట్టి దానికేమీ బాధపడలేదు.

నాలుగు రోజులు కట్టింది. బిగువు తగ్గింది, నొప్పి తగ్గింది. అయిదో రోజు ఖాదర్ వలి రాలేదు. ఇన్నయ్యే పూలు మోసుకుని పేటకు వెళ్లి, వట్టి చేతులతో, వేలాడేసుకున్న మొహంతో తిరిగొచ్చాడు. ఖాదర్ వలి భార్య జరీనా పురిటి జ్వరంతో చనిపోయిందట. నాకూ ఆ అమ్మాయికీ ఒకేసారి నెలలు నిండాయి. "మీ ఇంట్లో ముందా, మా ఇంట్లో ముందా?" అని మొగుడి చేత నాకు కబురు పంపేది. ఇద్దరిలో ముందు ఎవరికి ఏమవుతుందో ఏ కబురూ చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం మా గుమ్మం ముందు జట్కా ఆగింది. ఖాదర్ వలి తల్లి బూబమ్మ దిగింది. చేతుల్లో గుడ్డల మూట ఉంది. మూట ఏడవడం లేదు, పిల్లికూనలా కీచుమంటోంది.

"వదినా," అంది మా అత్తతో, "నా కోడలు పోయింది. ఇప్పుడు ఇది కూడా పోయేట్టుంది. గొడ్డుపాలు పోసినాం, ఆగలా. డాక్టరు డబ్బాపాలు రాసిచ్చినాడు, అయ్యీ ఆగలా, అంతా విరేచనం. నీ కోడలికి పాలున్నయ్ గదా అని వచ్చినా."

"ఉన్నయ్ కాదు వదినా, ఉండినయ్. అయిదు రోజుల్నించి పూలు కడతన్నా. ఇంకిపోవచ్చినయ్," అంది మా అత్త.

బూబమ్మ తెలివైన మనిషి. మా అత్తతో మాట్లాడుతూనే వచ్చి మూటను నా మంచం మీద, నా మోచేతి పక్కన పెట్టింది. ఇక ఏమీ అడగలేదు. గుడ్డల్లోంచి బొటనవేలంత మొహం బయటికొచ్చి నా వైపు తిరిగి, కట్టులోంచి వస్తున్న పూల వాసనకు కాబోలు, తుమ్మింది.

నేను కట్టు విప్పేశాను. గోధుమరంగుకు తిరిగిన మొగ్గలు మంచం నిండా రాలాయి.

"ఏమే, ఆలోచించుకో," అంది మా అత్త. "మంత్రసానితనం ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టాలి, ఏదొచ్చినా పట్టాలి. నడిమధ్యలో వదిలితే పాపం చుట్టుకుంటది."

"వదలను."

"నీ పాలు తాగితే నీ బిడ్డే అయిద్ది బేటీ," అంది బూబమ్మ. "మాలో పాలిచ్చినామెను తల్లి అనే అంటారు. ఊరికే అనే మాట కాదు."

ఆ పిల్ల పేరు అబిదా. మూడు రోజులు చక్కెరనీళ్ల మీద ఉండి వట్టి రొమ్ము చీకింది. నాలుగో రోజు నుంచి గుటక వినపడింది. ఆ చప్పుడు విని నేను పది రోజులుగా ఏడవని ఏడుపంతా ఏడ్చాను. అప్పుడు ఇన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఒక్క క్షణం చూసి, మోట దగ్గరికి వెళ్లిపోయాడు. ఆ తరువాత కూడా పిల్ల ఉన్న వైపు చూసేవాడు కాదు. తన కొడుకు పాలు ఇంకొకరి కూతురు తాగుతోందని కడుపుమంట కాబోలు అనుకున్నాను. అనుకుని, నేనూ అతనితో మాట్లాడడం మానేశాను. అన్నం పెట్టేదాన్ని. అంతే.

ఉగాది వచ్చేసరికి తోట విరగబూసింది. ఆ యేడు ఉగాది, రంజాను నెల ఒకే వారంలో వచ్చాయి. వెనకే శ్రీరామనవమి పందిళ్లు, ఆ వెనక మా పాస్కా, అదే ఈస్టరు పండగ, ఆ మీదట పెళ్లిళ్లు. ఎన్ని పూలున్నా చాలడం లేదు. ఇంట్లో కూర్చుంటే పాతవన్నీ తలకెక్కుతున్నాయి కాబట్టి నేనే తోటలోకి దిగాను. పిల్లను గట్టు మీద చీర ఊయలలో వేసి మొగ్గలు కోసేదాన్ని.

మొగ్గ కోసే పద్ధతి చెప్పాలి. మిగతా ఊళ్లలో ఆడవాళ్లు ఒడి నడుముకు కట్టుకుంటారు. మా చెట్లు నడుమెత్తు. వంగినప్పుడు కొమ్మలు ఒడిని రాసుకుని మొగ్గ నలుగుతుంది, నలిగిన మొగ్గ ఎర్రబడుతుంది. అందుకని మా అత్త తన పద్ధతొకటి పెట్టింది. పైటచెంగు రెండు కొసలూ మెడ వెనక్కి తీసి ముడేసి, ఒడిని రొమ్ము మీద సంచిలా వేలాడదీసుకోవాలి. కాపురానికొచ్చిన వారంలోనే నాకు నేర్పింది. మా మొగ్గ నలగకుండా ఉంటుందని పేటలో పేరు. ఆ పేరుకు మా అత్త మహా మురిసిపోయేది.

బాలింతలు పూలతోటలోకి దిగకూడదని మా వైపు అందరికీ తెలుసు. మూడు నెలలు గడప దాటనివ్వరు. కానీ బిడ్డ పోయినదాన్ని బాలింతని ఎవరంటారు? ఇంకొకరి బిడ్డకు పాలిచ్చినంత మాత్రాన మళ్లీ బాలింతనయ్యానని ఎవరికి తడుతుంది? నాకూ తట్టలేదు. నాలుగూళ్ల మంత్రసానికి కూడా తట్టలేదు.

నవమి ఇంకా రెండు రోజులుందనగా పిల్ల రొమ్ము వదిలేసి ఏడవడం మొదలుపెట్టింది. తాగడం, వదలడం, ఏడవడం. మా అత్త నాకు వెల్లుల్లి కారం, మెంతికూర, బొప్పాయికాయ కూర వండి పెట్టింది. ఫలితం లేదు. దిష్టి అని ఎండుమిరపకాయలు తీసి పొయ్యిలో వేసింది. బూబమ్మ దర్గా నుంచి తాయెత్తు తెచ్చి పిల్ల మెడలో కట్టింది. మా అత్త ఊరుకుంటుందా, అదే దారానికి మాత పతకం గుచ్చింది. ఇద్దరు ముసలమ్మలూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఆ దారానికి చెరో ముడి బిగించారు. ఊళ్లో మాత్రం ఒకామె అననే అంది, మతం కాని పాలు ఒంటబట్టవని. ఆమెను నేనేమన్నానో ఇక్కడ రాయను.

పిల్ల నడినెత్తి గుంట పడింది. ఏడుపు సన్నబడింది. ఏడుపు తగ్గితే నిమ్మళించిందనుకునే వాళ్లుంటారు. నాకు తెలుసు, జోజి కూడా అలాగే తగ్గాడు.

పాస్కా ముందరి బుధవారం పొద్దున. రెండు సేర్ల పైన కోసి, వసారాలో తడిగోనె మీద ఒడి గుమ్మరించి, నడుం పట్టుకుని నిలబడ్డాను. మా అత్త మొగ్గలు ఏరుతూ తలెత్తి నా రైక వైపు చూసింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

రైక ముందు భాగమంతా తడిగా ఉంది. నలిగిన రేకులు అంటుకుని మచ్చలు మచ్చలుగా ఎర్రబడింది.

"ఏమే, రోజూ ఈడే కడతన్నావా మూట?"

"ఇంకెక్కడ కట్టేది? నువ్వు నేర్పిందే గదా."

"ఎన్నాళ్లబట్టి?"

"ఉగాది ముందు నుంచీ."

మా అత్త చేతిలో మొగ్గలు గోనె మీద పెట్టింది. లేచి వచ్చి నా రైకకు అంటిన రేకొకటి గిల్లి తీసింది.

"పదిహేను దినాలు," అంది. "నేను మాపూ పొద్దునా రెండు దోసిళ్లు కట్టినా. నువ్వు పొద్దుటిపూటే రెండు సేర్లు కట్టుకుంటన్నావే. నా కళ్లెదురుగానే కట్టుకుంటన్నావు."

నేను మెడ వెనక ముడి విప్పేశాను. పెరటి చెట్టు తన పని తాను చేసుకుపోయింది.

ఆ పూట నుంచి తోటలోకి వెళ్లడం మానేశాను. కూలికి ఇద్దరు ఆడవాళ్లను పెట్టాడు ఇన్నయ్య. కుంకుడుకాయతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేశాను, చీరలన్నీ ఉడకేసి ఉతికాను. గురువారం గడిచింది. శుక్రవారం గడిచింది. పాలు నాలుగు చుక్కలకు మించి రాలేదు. తోట మధ్యలో ఇల్లు, వసారాలో రాశులు, చూరుకు వేలాడే దండలు, తాగే నీళ్లలో కూడా అదే వాసన.

"వాసన సోకినా ఇంకుతయ్యంటారు," అంది మా అత్త శుక్రవారం సాయంత్రం, గుడి నుంచి వచ్చి. "యాడికన్నా తీసకపోదామంటే ఈ ఎండకు పసిది దారిలోనే..." అని ఆగిపోయింది.

ఎక్కడికి వెళతాం? మా అమ్మ లేదు. మా నాన్న మాచర్ల అవతల కొత్తగా కడుతున్న ఆనకట్ట ప్రాజెక్టు పనుల్లో రాళ్లు కొడుతూ రేకుల షెడ్డులో ఉన్నాడు. ఖాదర్ వలి ఇంటికి వెళితే అక్కడ మా ఇంటికి నాలుగింతలు పూలు.

ఇన్నయ్య అరుగు మీద కూర్చుని మోట తాడు పేనుతున్నాడు. అతన్ని చూస్తే ఒళ్లు మండింది. నెల రోజులుగా నోట్లో నొక్కిపెట్టిందంతా బయటికొచ్చింది.

"నీ తోట ఒక బిడ్డను వట్టి చేతుల్తో గుంటలోకి పంపించింది," అన్నాను. "వాడి మీద వెయ్యటానికి నాలుగు మొగ్గలు మిగల్చలేదు నువ్వు. ఇప్పుడు రెండోదాన్ని కూడా పంపిస్తది. దీనికన్నా నాలుగు ఉంచు."

తాడు పేనే చేతులు ఆగాయి. నా వైపు చూడలేదు. తాడు కింద పెట్టి, డొంక వైపు వెళ్లిపోయాడు. కోపమొచ్చి వెళ్లాడనుకున్నాను.

శనివారం తెల్లవారి గొర్రెల మెడగంటలు వినపడి మెలకువ వచ్చింది. ఆ వేసవిలో డొంకన మందలు పోవడం మామూలే. కానీ ఈ గంటలు కదలకుండా మా కంచె దగ్గరే మోగుతున్నాయి. బయటికొచ్చి చూశాను.

గొర్రెల కాపరి గురవయ్య కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు. పుష్యమాసంలో మా తోట మేపేది ఆయన మందే. ఇన్నయ్య చేతులకు గోనెపట్టా చుట్టుకుని కంచెలో ముళ్లకంప లాగేస్తున్నాడు. తోటంతా తెల్లగా ఉంది. ఆ సీజను మొత్తంలో అంత పూత ఎప్పుడూ చూడలేదు. పాస్కా పండగకు పీఠం అలంకరించడానికి ఫాదరుగారికి ఒక బుట్ట ఇస్తామని మాటిచ్చి ఉన్నాం.

"ఒరేయ్ ఇన్నయ్యా, నీకు మతిగాని పోయిందా?" అంటున్నాడు గురవయ్య. "రాత్రి వచ్చి చెప్తే ఏదో కంచె పక్క గడ్డి అనుకున్నా. తోట మొగ్గ మీదుందిరా. ఇప్పుడు మేపితే ఈ ఏటికి ఇంకేముంది? ఆ పాపం నా గొర్రెలకెందుకు?"

"మొగ్గ మళ్లా వచ్చిద్ది మామా," అన్నాడు ఇన్నయ్య. "తోలు."

గురవయ్య నా వైపు చూశాడు, నేనైనా ఆపుతానేమోనని. నేను ఆపలేదు. ఆయన నాలుక కొట్టి శబ్దం చేశాడు. మంద ఒక్కసారిగా తోటలో పడింది.

చాలా చప్పుడవుతుందనుకున్నాను. కాలేదు. నమిలే చప్పుడొక్కటే. ఆకూ మొగ్గా తేడా లేకుండా ఒక్కో వరుసా పచ్చటి నుంచి బూడిదరంగుకు తిరుగుతోంది. ఇన్నయ్య కంప పక్కన నిలబడి ప్రతి చెట్టునూ చూస్తున్నాడు. మొహం తిప్పుకోలేదు. మొహం తిప్పుకుని ఉంటే నేను ఇంకొన్నాళ్లు కోపం పెట్టుకునేదాన్నేమో.

అప్పుడే ఖాదర్ వలి సైకిలు వచ్చింది. ఇద్దరు మనుషులు పట్టేంత బుట్టలు రెండు వెనక కట్టుకొచ్చాడు. రోజా ఉపవాసంలో ఉన్నాడు, పెదవులు అట్టకట్టి ఉన్నాయి. రంజాను పండగ బజారంతా ముందుంది. సైకిలు దిగకుండానే, "ఇన్నయ్యా, ఏందిది? ఎవరి మందది? బయటికి తోలించరేం?" అని కేకేశాడు.

మా అత్తే దగ్గరికెళ్లి చెప్పింది. పూలు కట్టడం, ఒడి, పాలు అన్నీ చెప్పింది. నేర్పింది తనేనని కూడా చెప్పింది. ఖాదర్ వలి విన్నాడు. సైకిలు స్టాండు వేశాడు. గొర్రెలు మేసిన వరుసలు, మేయని వరుసలు చూశాడు. బావి పక్కనున్న రెండు వరుసల్లోకి మంద ఇంకా వెళ్లలేదు, అవి తెల్లగానే ఉన్నాయి. ఒక్కపూటకు బుట్ట నింపుకోవడానికి అవి చాలు.

అతను కింద పడి ఉన్న కర్ర తీసుకుని, మందను మెల్లగా బావి వైపుకు మళ్లించాడు.

ఆ పొద్దున ఇన్నయ్య ఇంట్లోని గోనెలు, బుట్టలు, దండల దారాలు అన్నీ బయటపడేసి, గోడలకు సున్నం కొట్టాడు. మా అత్త నేలంతా పేడతో అలికింది. నేను పిల్లను వట్టి రొమ్ముకు పెట్టుకుని వేపచెట్టు కింద కూర్చున్నాను. ఆదివారం అవే నాలుగు చుక్కలు. సోమవారం అవే నాలుగు చుక్కలు. పిల్ల పెదవులకు చీకే ఓపిక లేకపోతే మా అత్త దూదితో చక్కెరనీళ్లు తడిపేది. నేను దేవుడితో మాట్లాడలేదు. ఆయన తోటలో గొర్రెలు పడలేదు కాబట్టి ఆయనకు తెలియదనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం గుటక వినపడింది. పిల్ల కళ్లు తెరిచి, ఎవరు నువ్వన్నట్టు చూసి, మళ్లీ పట్టుకుంది. పక్కనే కత్తి నూరుకుంటున్న ఇన్నయ్యకు కూడా వినపడింది. కత్తి పక్కన పెట్టి చొక్కాకు చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. పిల్ల అరికాలు మీద చూపుడువేలు ఆనించాడు. అది మొదటిసారి.

"దగ్గరికి రాడానికి ఇన్నాళ్లా?" అన్నాను.

"భయమేసింది," అన్నాడు. "నేను చూసిన బిడ్డ నిలబళ్లేదు గదా."

నేను ఇన్నాళ్లూ అది కడుపుమంట అనుకున్నాను. ఎంత మూర్ఖురాలినో.

ఆ వేసవి ఎలా గడిచిందని అడక్కండి. పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు అని సామెత చెబుతారు. ఇన్నయ్య నిజంగానే తుమ్మకొమ్మలు కొట్టి, మోపులు పేటకు మోసుకెళ్లి, తన పూలు అమ్ముడుపోయిన ఆ బజార్లోనే అమ్మాడు. "ఏమయ్యా, నీ మల్లెచెట్లు ఇంత లావయినయ్యా?" అని ఎగతాళి చేశారట. ఇంటికొచ్చి అది చెప్పి తనే నవ్వాడు. గుడిలో ఆ పాస్కాకు పీఠం మీద వేపపూత పెట్టారు. ఖాదర్ వలి పూల కోసం తెల్లవారే పదిమైళ్లు తొక్కి ఇంకో ఊరికి పోయేవాడు. తిరిగొస్తూ మా గుమ్మం ముందు ఆగేవాడు, పూలబుట్టలున్న సైకిలును డొంక అవతలే వదిలి, చేతులు కడుక్కుని. పిల్ల బుగ్గలు పట్టింది. కేకలు పెట్టి నవ్వడం నేర్చుకుంది. నా గొంతు వింటే తల తిప్పేది.

జ్యేష్ఠంలో తొలివాన పడ్డ మర్నాడు మళ్లీ జట్కా ఆగింది. బూబమ్మ లోపలికి రావడానికి చాలాసేపు తీసుకుంది.

"మా అమ్మాయికి కాన్పయింది బేటీ, మాచర్లలో," అంది. "అల్లుడు షౌకత్ ప్రాజెక్టు లారీలకు మేస్త్రీగా ఉన్నాడు, ఇల్లిచ్చినారు. అమ్మాయికి పాలు బాగా పడ్డయ్. అబిదాను కూడా సాకుతానంది. తండ్రి సొంత చెల్లెలు గదా."

"తల్లినన్నావు," అన్నాను.

"అన్నా. ఇప్పుడూ అంటన్నా. పెద్దయినాక దానికీ చెప్తా. కానీ పుట్టినింటి వాళ్లుండగా ఎన్నాళ్లని నీ ఇంట్లో ఉంచేది?"

ఆవిడ ఏడ్చింది. ఆవిడ మాటలో తప్పు లేదు, అందుకే మరీ కోపమొచ్చింది. పిల్లకు కడుపునిండా పట్టి ఇచ్చేశాను. మెడలో తాయెత్తు, మాత పతకం ఉన్న దారం తీయనని బూబమ్మ మాటిచ్చింది. జట్కా డొంక మలుపు తిరిగేదాకా పిల్ల గొంతు వినపడింది. ఏడుపు బలంగా ఉంది. ఆ బలం నేనిచ్చిందే.

సాయంత్రానికి రొమ్ములు మళ్లీ రాళ్లు కట్టాయి. మా అత్త అలవాటు ప్రకారం తోటలోకి వెళ్లి, మోడులన్నీ చూసి, వట్టి చేతులతో తిరిగొచ్చింది. అప్పుడప్పుడే ఆకు చిగురిస్తోంది, మొగ్గన్నది లేదు.

రెండో రోజు ఖాదర్ వలి వచ్చాడు. సైకిలు ఈసారి గుమ్మం దాకా తెచ్చాడు. చిన్నబుట్ట, పైన తడిగుడ్డ. నా మొహం చూడకుండా అరుగు మీద పెట్టాడు.

"అమ్మ పంపమంది చెల్లెమ్మా. నీకు నొప్పిగా ఉండిద్దని. కాపు అయిపోయింది, మూడూళ్లు తిరిగితే ఇయ్యే దొరికినయ్."

గుడ్డ తీస్తే మల్లెమొగ్గలు. ఆఖరి కాపు కాబట్టి చిన్నగా ఉన్నాయి. వాసన గుప్పున ఇల్లంతా కమ్మింది. మా అత్త లోపలి నుంచి చింపిన చీరముక్క పట్టుకొచ్చింది.

"వద్దత్తా," అన్నాను.

"సచ్చిపోతావే నొప్పితో."

"పోను. వాటంతటవే ఇంకనీ."

వాటంతటవే ఇంకడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ రైక తడిసినప్పుడల్లా మాచర్లలో ఆ పిల్లకు ఆకలేస్తోందని అనుకునేదాన్ని. మా అత్త మాత్రం ఇక ఎవరికీ మూట రొమ్ము మీద కట్టడం నేర్పలేదు. ఆ తరువాత మా తోటలో నలిగిన మొగ్గలే కోశాం, నలిగిన మొగ్గ ధరకే అమ్ముకున్నాం.

కానీ ఆ పూట, అరుగు మీద ఆ బుట్ట చుట్టూ ముగ్గురం ఏం చేయాలో తెలియక నిలబడి ఉంటే, ఇన్నయ్య వచ్చి బుట్ట ఎత్తుకున్నాడు.

"పద ఫిలోమినా," అన్నాడు.

వెనకే నడిచాను. సమాధుల దొడ్డి అర మైలు. తొలివానకు మట్టి కుంగి, జోజి గుంట చుట్టుపక్కల నేలలో కలిసిపోయింది. నాకు గుర్తు దొరకలేదు. ఇన్నయ్య తిన్నగా అక్కడికే వెళ్లాడు. ఎన్నిసార్లు వచ్చాడో నాకు తెలియకుండా. మోకాళ్ల మీద కూర్చుని, బుట్టలోంచి ఒక్కో దోసెడూ తీసి పరిచాడు. ఒక్క మొగ్గ కూడా మిగల్చలేదు.

"ఆ పొద్దున నాలుగు ఉంచాల్సింది," అన్నాడు.

"ఉంచాల్సింది," అన్నాను. అతన్ని ఊరడించడానికి పర్లేదులే అని అబద్ధమాడలేదు. పక్కన కూర్చుని, వాడి పేరు పెట్టి పిలిచాను. పుట్టాక వాణ్ణి పేరు పెట్టి పిలవడం నాకదే మొదలు.

తిరిగొస్తూ బుట్టను చెరో పక్కా పట్టుకున్నాం. ఖాళీ బుట్టకు ఇద్దరెందుకని గుమ్మంలో నిలబడ్డ మా అత్త అడగలేదు.